పక్కన కూర్చున్నవాళ్లకూ తాళం వినిపించాలంటే

ఒగ్గు కథ చెప్పేచోట మంచి సీటు అంటూ ఒకటి ఉండదు. కథకుడు నిలబడి, తిరిగి, ఎగిరి చెబుతుంటే జనం చుట్టూ చేరి కూర్చుంటారు. డోలు ఎవరికి అందుతుందో తాళమూ వాళ్లందరికీ అందుతుంది. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని మాణిక్యాపురం, 2017లో కన్నుమూసిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య ఊరు. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ ఆయన గొంతులో విన్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఎవరూ సరిగ్గా మధ్యలో కూర్చునే వినాలని పట్టుబట్టి ఉండరు.

అలాంటి కథను మంచి మైకులతో రికార్డు చేసి, ఇంటి హాల్లో ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల మీద వింటే పరిస్థితి మారిపోతుంది. రెండు స్పీకర్లకూ సమాన దూరంలో, ఎదురుగా కూర్చున్న ఒక్కరికి అది గొప్ప అనుభవం. తాళం అంచు తాళం అంచును తాకిన క్షణం, కథకుడు ఊపిరి పీల్చిన చప్పుడు, డోలు చర్మం మీద వేలు రాసుకున్న అలికిడి, అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. పక్కన చాప మీద కూర్చున్న అత్తమ్మకు, తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలకు మాత్రం తాళం మసకబారుతుంది. మాటలోని ‘స’ మెత్తబడుతుంది. ఇంత నాణ్యమైన స్పీకరు ఇంట్లో ఒక్కరికే పనికిరావడం నాకు అన్యాయంగా తోస్తుంది. దానికి హెచ్చు ధ్వనులు పలికే చిన్న స్పీకరును, అంటే ట్వీటరును, తోడు పెట్టే ప్రయత్నాలు దశాబ్దాలుగా జరుగుతున్నాయి. ఆ తోడు ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు ఉన్నదాన్నీ చెడగొడుతుందో తెలియాలంటే ముందు ఆ స్పీకరు పనిచేసే తీరు చూడాలి.

మామూలు స్పీకరులో అయస్కాంతం, దాని సందులో తీగచుట్ట, చుట్టకు అతికించిన కాగితపు శంకువు ఉంటాయి. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరులో ఇవేవీ ఉండవు. చిల్లులున్న రెండు లోహపు పలకల మధ్య సన్నని ప్లాస్టిక్ పొర ఒకటి బిగించి ఉంటుంది. ఆ పొరకు వేల వోల్టుల స్థిర విద్యుదావేశం ఇస్తారు. ఆంప్లిఫయరు నుంచి వచ్చే సంకేతాన్ని ట్రాన్స్‌ఫార్మరుతో పెంచి అటూ ఇటూ ఉన్న పలకలకు పంపుతారు. ఒక పలక పొరను లాగుతుంటే రెండోది నెడుతుంది. పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. దాని ముందూ వెనకా ఉన్న గాలి చిల్లుల గుండా కదిలి శబ్దం అవుతుంది.

పొర ఎంత తేలికో చూడండి. 6 మైక్రాన్ల మందం ఉన్న పాలియెస్టర్ పొర ఒక చదరపు మీటరుకు దాదాపు 8 గ్రాములు తూగుతుంది. అంతే వైశాల్యంలో 7 మిల్లీమీటర్ల మందాన ఉన్న గాలి కూడా అంతే బరువు. అంటే ఈ స్పీకరులో కదిలే వస్తువు, అది కదిలించే గాలి కన్నా పెద్ద బరువేమీ కాదు. అందుకే సంకేతం మొదలైన క్షణానే కదులుతుంది, ఆగిన క్షణానే ఆగుతుంది. తాళం మోత అంత నిజంగా ఉండడానికి కారణం ఇదే.

పొరను కదిపే ఈ విద్యుత్ బలం మనకు కొత్తది కాదు. భూపాలపల్లి జిల్లా చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు అక్కడ బొగ్గు మండిస్తాయి. ఇలాంటి కేంద్రాలలో పొగ గొట్టంలోకి వెళ్లే ముందు బూడిదను పట్టడానికి పెట్టే యంత్రం కూడా స్థిర విద్యుత్తుతోనే పనిచేస్తుంది. పదుల వేల వోల్టులు పెట్టిన తీగల మధ్య నుంచి పొగను పంపుతారు. బూడిద రేణువులు ఆవేశం పొంది పలకలకు అంటుకుపోతాయి. పలక ఆవేశాన్ని లాగడం రెండుచోట్లా ఒకటే. అక్కడ లాగేది బూడిదను, ఇక్కడ పొరను. ఇదే పనిని తిరగేస్తే మైకు అవుతుంది. గాలి పొరను కదిలిస్తే విద్యుత్ సంకేతం పుడుతుంది. ఇ.సి. వెంట్ 1917లో వర్ణించిన కండెన్సర్ మైకు ఇదే. మహబూబాబాద్ బస్టాండులో ఫోను మాట్లాడుతున్న ప్రతివారి చేతిలోనూ ఆ మైకుకు వారసురాలు ఒకటి ఉంది.

స్పీకరుగా మాత్రం ఈ పద్ధతి అంత త్వరగా కుదురుకోలేదు. మామూలు స్పీకరుకు ఇప్పటి రూపం ఇచ్చిన ఇద్దరిలో ఒకరైన ఎడ్వర్డ్ కెలాగ్, 1929లోనే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును భాగాలుగా విభజించే పద్ధతికి పేటెంటు అడిగాడు. అంత పలుచని, గట్టి పొర అప్పటికి దొరకలేదు. ప్లాస్టిక్కులు వచ్చాక, 1950లలో, అమెరికాలో ఆర్థర్ జాన్‌జెన్ తయారుచేసిన ఎలక్ట్రోస్టాటిక్ యూనిట్లు పేరు తెచ్చుకున్నాయి. అవి ట్వీటర్లు. బాసు వాయించే పెట్టె స్పీకరు పైన, హెచ్చు ధ్వనుల కోసం తోడుగా పెట్టుకునేవి. అంటే ఈ జాతి స్పీకరు ఇళ్లలోకి వచ్చిన తొలిరోజుల్లో తానే తోడు ట్వీటరు. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1955లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వరుస వ్యాసాలు రాసి, 1957లో క్వాడ్ పేరుతో పూర్తి స్థాయి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును అమ్మకానికి తెచ్చాడు. గొంతు విషయంలో దాన్ని మించినది ఇప్పటికీ తక్కువే అని చాలామంది అంటారు. నేనూ ఆ మాటతో ఏకీభవిస్తాను.

మరి చిక్కు ఎక్కడుంది? వెడల్పులో ఉంది.

పొర కదలిక చాలా కొద్దిపాటిది. గట్టిగా వినిపించాలంటే వైశాల్యం పెంచాలి. వైశాల్యం పెరిగితే హెచ్చు ధ్వనులు పక్కలకు విచ్చుకోవు. శబ్దం ఎంత విచ్చుకుంటుందన్నది దాని తరంగదైర్ఘ్యానికీ, అది పుట్టే తలం వెడల్పుకూ ఉన్న నిష్పత్తి తేలుస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 500 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం దాదాపు 69 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల వెడల్పు పలక (పొరా, లోహపు పలకలూ కలిసిన స్పీకరు ముఖం) దానికి చిన్నదే, కాబట్టి ధ్వని ధారాళంగా పరుచుకుంటుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3.4 సెంటీమీటర్లే. ఇప్పుడు అదే పలక ఆరు తరంగాల వెడల్పు. పక్కకు వెళ్లే దారిలో పలక ఒక అంచు నుంచి వచ్చిన తరంగం, మధ్య నుంచి వచ్చిన తరంగంతో కలిసి చెరిగిపోతుంది. టార్చిలైటు వెలుగులా శబ్దం ముందుకే దూసుకుపోతుంది.

లెక్క వేస్తే నమ్మలేనంత ఇరుకుగా ఉంటుంది. ఆ 20 సెంటీమీటర్ల పలకకు 3 మీటర్ల దూరంలో కూర్చున్నారనుకుందాం. నడిమి గీత నుంచి ఒక్క అడుగు పక్కకు జరిగితే 10 కిలోహెర్ట్జ్ నేరు ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే పీడనం సగమవుతుంది. అర మీటరు జరిగితే ఇంచుమించు మాయమే. గోడల నుంచి తిరిగొచ్చేది కొంత ఆదుకుంటుంది. కానీ పక్కలకు అసలు వెళ్లని శబ్దం గోడలకు తగిలి తిరిగివచ్చేదీ తక్కువే. 25 మిల్లీమీటర్ల గుమ్మటం ఉన్న మామూలు ట్వీటరుకు ఇదే 10 కిలోహెర్ట్జ్ పెద్ద కష్టం కాదు. తరంగదైర్ఘ్యం దాని వెడల్పును మించే ఉంటుంది. కాబట్టి అది గదంతా పంచుతుంది.

తయారీదారులు దీనికి తలో దారి పట్టారు. వాకర్ తొలి క్వాడ్‌లో హెచ్చు ధ్వనులను నడిమి సన్నపట్టీకి అప్పగించి, పక్క పలకలను బాసుకు ఉంచాడు. 1981లో వచ్చిన ఇ.ఎస్.ఎల్-63లో ఇంకా లోతుకు వెళ్లాడు. పలకను వలయాలుగా విడగొట్టి, మధ్య వలయానికి సంకేతం ముందుగా, బయటి వలయాలకు ఒకదాని తర్వాత ఒకటిగా ఆలస్యంగా అందేలా చేశాడు. దాంతో ధ్వని పలకకు 30 సెంటీమీటర్ల వెనక ఉన్న ఒక బిందువు నుంచి పుట్టి విచ్చుకుంటున్నట్టు అవుతుంది. పలకనే వంచి గుండ్రంగా చేసిన కంపెనీలూ ఉన్నాయి. మార్టిన్‌లోగన్ పేరు పడింది ఆ వంపు వల్లే. వీటన్నిటిలోకీ వాకర్ వలయాలే నాకు ఎక్కువ నచ్చుతాయి. పొర ఒకటే, చోటు ఒకటే, అతుకు లేదు.

ఇక నాలుగో దారి, వేరే ట్వీటరు. దీనికి పెద్ద ఉదాహరణ 1970ల చివర మార్క్ లెవిన్‌సన్ కూర్చిన హెచ్.క్యూ.డి. వ్యవస్థ. హార్ట్‌లీ కంపెనీ 24 అంగుళాల వూఫరు, ఒక్కో పక్క రెండేసి క్వాడ్‌లు, డెకా రిబ్బన్ ట్వీటరు. మూడు పేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. క్వాడ్‌లో హెచ్చు ధ్వనుల పట్టీ ఉండగానే, పై భాగాన్ని దాని నుంచి తీసి రిబ్బనుకు ఇచ్చారు. రిబ్బను కూడా సన్నని లోహపు పట్టీయే. పొరలా తేలికగా కదులుతుంది. అందువల్ల స్వభావంలో క్వాడ్‌కు దగ్గరి బంధువు. ఆ ఎంపికలో వివేకం ఉంది.

హెచ్చు ధ్వనుల్లో అంతగా పోగొట్టుకునేది ఏమిటని అడగవచ్చు. మన మాటనే తీసుకుందాం. అచ్చుల బలమంతా కొన్ని వందల హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్ లోపు ఉంటుంది. ‘శ’ గాలి ఒరిపిడి దాదాపు 3 కిలోహెర్ట్జ్ చుట్టూ మొదలవుతుంది. ‘స’ది ఇంకా పైన, 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా. పలక ధ్వని ఇరుకయ్యేది సరిగ్గా ఇక్కడే. తాళం సంగతి ఇంకా తీవ్రం. లోహపు బిళ్ల కంపించినప్పుడు పుట్టే స్వరాలు తీగ స్వరాల్లా రెండింతలు, మూడింతలుగా వరుసలో ఉండవు. చెల్లాచెదురుగా ఉండి 10 కిలోహెర్ట్జ్ దాటి పోతాయి. జనగామ పక్కనే పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి పడే చోట నిలబడ్డవాళ్లకు ఆ మెరుపు తెలుసు.

గాలి కూడా ఈ ధ్వనులనే ముందు మింగుతుంది. 20 డిగ్రీల వేడిమి, 70 శాతం తేమ ఉన్న గాలిలో కిలోమీటరు ప్రయాణానికి 1 కిలోహెర్ట్జ్ ధ్వని 5 డెసిబెల్స్ నష్టపోతే, 8 కిలోహెర్ట్జ్ ధ్వని 77 డెసిబెల్స్ నష్టపోతుంది. దూరం వల్ల అన్ని ధ్వనులూ సమానంగా తగ్గేది దీనికి అదనం. మానుకోట వైపు ఊళ్లలో రాత్రిపూట పొలిమేర అవతల జాతర జరుగుతుంటే డోలు మాత్రమే గుండెకు తగిలి, తాళం అసలు అందకపోవడానికి కారణం ఇది. హాల్లో దూరం తక్కువ, గాలి నష్టం లెక్కలోకి రాదు. అయినా పక్కన కూర్చున్నవాళ్లకు పలక, ఆ దూరపు ఊరి వినికిడినే ఇంట్లోకి తెస్తోంది.

ఇక్కడ ఒక మాట తేల్చి చెప్పాలి. 20 కిలోహెర్ట్జ్ పైన వాయించే ‘సూపర్ ట్వీటర్’ను తగిలిస్తే సంగీతం విప్పారుతుందని అమ్మకందారులు చెబుతుంటారు. ఆ మాట కోసం డబ్బు పెట్టవద్దు. సీడీలో 22.05 కిలోహెర్ట్జ్ దాటి ఏమీ ఉండదు. ఎఫ్ఎం రేడియో 15 దగ్గర ఆగిపోతుంది. ఒగ్గు కథలు బజారులో అమ్ముడైన క్యాసెట్ల కాలపు టేపుల్లో 12, 15 కిలోహెర్ట్జ్ పైన మిగిలేది బుస చప్పుడే. వయసు మీరినకొద్దీ మన చెవి పైహద్దు కూడా దిగుతూ వస్తుంది. తోడు ట్వీటరు విలువ ఎత్తులో లేదు, విస్తృతిలో ఉంది. అది 6 నుంచి 15 కిలోహెర్ట్జ్ మధ్య ధ్వనిని పలక ముఖం చూపని చోటికి చేర్చాలి.

అలా చేర్చడంలో మొదటి ఇబ్బంది, ఒకే ధ్వని రెండుచోట్ల నుంచి రావడం. 8 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యంలో సగం 21 మిల్లీమీటర్లు. పలక నుంచి చెవికీ, ట్వీటరు నుంచి చెవికీ ఉన్న దూరాల్లో అంత తేడా వస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తల కాస్త కదిపితే మరో పౌనఃపున్యం కొట్టుకుపోతుంది. తాళం గరుకుగా, నిలకడ లేకుండా వినిపిస్తుంది. చాలామంది తోడు ట్వీటర్లను విప్పి పక్కన పడేసేది ఇందుకే. వాళ్లు వదిలేసినదాన్ని నేను తప్పుపట్టను. కానీ నివారణ ఉంది. మధ్య కుర్చీలో పలక బలంగా వినిపిస్తుంది కాబట్టి అక్కడ ట్వీటరు ధ్వని పలక కన్నా 10 డెసిబెల్స్ తక్కువగా ఉంటే చాలు. అప్పుడు కలహం ఎంత ముదిరినా హెచ్చుతగ్గు సుమారు 3 డెసిబెల్స్ దాటదు. పక్క సీట్లలో పలక ధ్వనే ఉండదు గనుక అక్కడ కలహించడానికి ఏమీ లేదు. ట్వీటరు ఒక్కటే పలుకుతుంది. అంటే దాని ముఖం మధ్య కుర్చీ వైపు కాక, పక్క సీట్ల వైపు తిప్పి పెట్టాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ఎత్తు కూడా చూసుకోవాలి. కుర్చీలో కూర్చున్నవారి చెవి నేల నుంచి మీటరు పైన ఉంటుంది. చాప మీద కూర్చున్నవారి చెవి ముప్పావు మీటరు దగ్గర. నిలువెత్తు పలక నెత్తిన ట్వీటరు పెడితే ఇద్దరికీ దూరమే. పలక పక్కన, ఈ రెండు ఎత్తుల మధ్య, చిన్న స్టాండు మీద ఉంచడం మేలు.

మూడో చిక్కు దూరంతో వస్తుంది. పొడవైన నిలువు పలక గీతలాంటి మూలం. దాని ముందు దూరం రెట్టింపైతే ధ్వని 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ట్వీటరు బిందువులాంటి మూలం. దానికి 6 తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర రెండింటినీ సరిగ్గా సరిపోల్చితే 4 మీటర్ల దగ్గర ట్వీటరు 3 డెసిబెల్స్ వెనకబడుతుంది. పొడవాటి రిబ్బను ట్వీటరు పెడితే ఈ తేడా తగ్గుతుంది. మామూలు గుమ్మటం ట్వీటరే పెడితే, ఎక్కువమంది కూర్చునే దూరం ఏదో తేల్చుకుని అక్కడే సరిచూడాలి.

కలిపే పద్ధతి కష్టమైనది కాదు. ట్వీటరుకు వరుసలో ఒక కెపాసిటర్ పెట్టాలి. 8 ఓముల ట్వీటరుకు 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే 8 కిలోహెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. ఎలక్ట్రోలిటిక్ వద్దు, పాలీప్రొపిలీన్ రకం తీసుకోండి. ఒక్క కెపాసిటర్ కోత నిదానమైనది, 4 కిలోహెర్ట్జ్ దగ్గర 7 డెసిబెల్సే తగ్గుతుంది. పలక పక్కలకు ఇంకా పలికే ఆ ప్రాంతంలోకి ట్వీటరు చొరబడకుండా ఉండాలంటే ఒక కాయిల్ జోడించి నిటారు కోత తెచ్చుకోవాలి. ధ్వని మట్టం తగ్గించడానికి ఎల్-ప్యాడ్ తప్పనిసరి. గుమ్మటం ట్వీటర్లు సాధారణంగా పలక కన్నా గట్టిగా పలుకుతాయి.

ట్వీటరు తీగలను నేరుగా ఆంప్లిఫయరు నుంచే తీయాలి. స్పీకరు పలక లోపలి నుంచి కాదు. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు విద్యుత్తుకు కెపాసిటర్‌లా కనిపిస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ దాని అవరోధం పడిపోతుంది. తొలి క్వాడ్‌లో 20 కిలోహెర్ట్జ్ దగ్గర 2 ఓములకు దిగుతుంది. చాలా ఆంప్లిఫయర్లకు అదే భారం. వీలైతే ట్వీటరుకు వేరే చిన్న ఆంప్లిఫయరు కేటాయించడం ఉత్తమం. మట్టం సర్దడం కూడా అప్పుడు తేలిక. పలక లోపల వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆవేశం చాలాసేపు నిలిచి ఉంటుంది. తెలియని చేతితో మూత విప్పడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మన వాతావరణం ఈ స్పీకరుకు అనుకూలం కాదని కూడా చెప్పాలి. ఆవేశం ఉన్న పొర దుమ్మును పిలుచుకుంటుంది. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనుల చుట్టూ ఎగిరే బొగ్గు నుసి వాహకం కూడా. పొర మీద పేరుకుంటే ఆవేశం కారిపోతుంది, ఒక్కోసారి నిప్పురవ్వ లేచి పొరకు చిల్లు పడుతుంది. వానాకాలంలో కాళేశ్వరం వైపు గోదావరి ఒడ్డున ఉండే తేమకు ఆవేశం నిలవదు, ధ్వని మట్టం తగ్గిపోతుంది. అలా ఒక పలక బలహీనపడ్డప్పుడు ట్వీటరు మట్టం పెంచి సరిపెట్టుకునేవాళ్లుంటారు. అది జబ్బు దాచడం. పలకను ముందు బాగు చేయించాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన అమరిక మరొకటుంది. ట్వీటరును పలక వెనక, గోడ వైపు తిప్పి పెట్టడం. ఎలక్ట్రోస్టాటిక్ పలక వెనక్కీ పలుకుతుంది, ముందు పీడనం పెరిగితే వెనక తగ్గుతుంది. వెనక ట్వీటరు కూడా ఆ స్వభావాన్నే పాటించేలా తీగలు తారుమారు చేసి కలపాలి. గోడ మీటరు దూరంలో ఉంటే దాని ధ్వని రెండు మీటర్లు అదనంగా తిరిగి, 6 మిల్లీసెకన్ల ఆలస్యంగా గదిలోకి వస్తుంది. మన చెవి ఇలా కొద్ది ఆలస్యంతో వచ్చినదాన్ని వేరే శబ్దంగా లెక్కించదు. మొదట వచ్చిన దిక్కునే నమ్ముతుంది. హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో దీన్ని కొలిచి చూపాడు. కాబట్టి మధ్య కుర్చీలో తాళం స్థానం చెదరదు, నేరు ధ్వనితో కలహమూ దాదాపు వినబడదు. పక్కలకు మాత్రం గోడ మీద నుంచి పరుచుకున్న వెలుగు అందుతుంది. గోడకు మందపు కర్టెన్ ఉంటే ఈ ఏర్పాటు పనిచేయదు. సున్నం వేసిన ఖాళీ గోడ దీనికి సరైనది. మన ఇళ్లలో దానికి కొరత లేదు.

మట్టం సర్దడానికి ఒగ్గు కథ రికార్డు ఒకటి పెట్టండి. తాళం, డోలు, గొంతు మూడూ కలిసివచ్చే చరణం ఎంచుకోండి. ఎల్-ప్యాడ్ పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచండి. ఎంత పెంచాలో మధ్య కుర్చీలో ఉన్న యజమాని కాక, తలుపు దగ్గర కూర్చున్నవాళ్లు చెప్పాలి. ఎక్కడ ఆపాలో మాత్రం మధ్యలో ఉన్నవారు చెప్పాలి. కథకుడి నోటి ‘స’ మాట నుంచి విడిపోయి పక్కనెక్కడో పలికినట్టు అనిపించిన చోట ఆపి, అక్కణ్నుంచి 2 డెసిబెల్స్ వెనక్కి తిప్పాలి.